స్వల్ప లాఠీచార్జ్ అని రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఇంట్లో ముప్పై ఏళ్ల నుంచి మీ పేపరే వేయించుకుంటున్నాం, రిటైర్ అయ్యాక అయితే నేను మొదటి పేజీ నుంచి టెండర్ నోటీసుల దాకా ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను, కానీ ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. కరెంటు చార్జీల మీద ఆందోళన చేస్తున్నవాళ్ల మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపి 2025 ఆగస్టు 28కి పాతికేళ్లు. ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒక మాట కూడా గుర్తొస్తుంది, ఆ మాట గురించే ఈ ఉత్తరం. స్వల్ప లాఠీచార్జ్. "పరిస్థితి అదుపు తప్పడంతో పోలీసులు స్వల్ప లాఠీచార్జ్ చేసి ఆందోళనకారుల్ని చెదరగొట్టారు" అనే వాక్యం నేను ఎన్ని వందలసార్లు చదివానో లెక్క లేదు, మీ పేపర్ ఒక్కటే కాదు అన్ని పేపర్లూ అన్ని టీవీలూ ఇదే రాస్తాయి ఇదే చెప్తాయి, చదివేవాళ్లకి కూడా అలవాటైపోయి పేజీ తిప్పేస్తున్నారు. అది స్వల్పమో కాదో కొలిచింది ఎవరు సార్? కొట్టినవాళ్లు చెప్పారు, విలేకరి రాసుకున్నాడు. దెబ్బ తిన్నవాడిని ఎవరూ అడగలేదు.

నన్నూ అడగలేదు. 2000 దాటిన కొత్తల్లో సంగతి, నేను అప్పుడు గవర్నమెంట్ స్కూల్లో టీచర్‌ని, ఒక జిల్లా కలెక్టరేట్ ముందు మా టీచర్ల ధర్నా. ఊరి పేరు, ఆఫీసర్ల పేర్లు రాయను, ఇప్పుడు వాళ్ల మీద నాకేం పని లేదు. పొద్దున పది నుంచి షామియానా కింద కూర్చున్నాం, ఓ మూడొందల మందిమి ఉంటాం, సగం మంది ఆడవాళ్లే. మధ్యాహ్నం రెండు దాటినా వినతిపత్రం తీసుకోడానికి ఎవరూ బయటికి రాలేదు, కుర్రాళ్లు కొందరు లేచి గేటు దగ్గరికెళ్లి తోశారు, అది తప్పే, నేను కాదనను. వెనక నుంచి ఎవరో వాటర్ ప్యాకెట్ విసిరారు. అంతే, విజిల్ వినపడింది. వెళ్లిపోండి అని మైకులో ఒక్క మాట చెప్పారేమో నాకు మాత్రం వినపడలేదు. లేచి పరిగెత్తబోతే ఒకవైపు జీపులు అడ్డం, ఒకవైపు ప్రహరీ గోడ, మిగిలింది డ్రైనేజీ వైపే, అక్కడ కాలు జారి పడ్డాను. పడ్డాక రెండు దెబ్బలు. ఒకటి ఎడమ మోకాలి మీద, రెండోది తల మీద పడబోతే చెయ్యి అడ్డం పెట్టాను కాబట్టి మణికట్టు మీద. మోకాలిచిప్ప పగిలింది. ఇప్పటికీ మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సిందే. మర్నాడు హాస్పిటల్ బెడ్ మీద పేపర్ చదివితే అందులో "స్వల్ప లాఠీచార్జ్" అనే ఉంది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల్లో, కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు. జై ఆంధ్ర ఉద్యమం రోజుల నుంచి బందోబస్తులు చేసిన మనిషి, నుదుటి మీద రాయి దెబ్బ మచ్చ చచ్చిపోయేదాకా ఉంది. నేను హాస్పిటల్లో ఉన్నానని తెలిసి రాత్రి బస్సుకి వచ్చారు. వచ్చి కూర్చుని, ఎందుకెళ్లావు అనలేదు, ఎవడు కొట్టాడు అనీ అనలేదు. ఒక్కటే అడిగారు, "నిలబడున్నప్పుడు కొట్టారా, పడ్డాక కొట్టారా?" పడ్డాకే నాన్నా అన్నాను. ఇంక ఏం మాట్లాడలేదు. అమ్మ టిఫిన్ బాక్సులో అన్నం పంపిస్తే అది కూడా ముట్టుకోలేదు.

తర్వాత కోలుకున్నాక నేనే అడిగి చెప్పించుకున్నాను. ఆయన చెప్పిందేంటంటే, లాఠీ ఎత్తడానికి ముందు జనానికి పోయే దారి ఎటో చూడాలి, దారి లేకపోతే నువ్వే దారి చెయ్యాలి, అప్పుడే లాఠీ. కొడితే నడుము కిందే కొట్టాలి. మనిషి కదిలాక ఇక కొట్టకూడదు. పడిపోయినవాడిని అస్సలు కొట్టకూడదు. "మొదటి దెబ్బ గుంపుని కదపడానికి రా, రెండో దెబ్బ నీ కోపానికి" అనేవారు. ఎనిమిదో క్లాసు చదువుకున్న మనిషి. ఆ తర్వాత నేను కోర్టు తీర్పులు ఎన్ని చదివినా అంతా తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వస్తుంది.

ఉదాహరణకి సుప్రీంకోర్టు 2016లో అనితా ఠాకూర్ కేసులో ఇచ్చిన తీర్పు చూడండి. జమ్మూ నుంచి ఢిల్లీకి నడుచుకుంటూ వెళ్లి తమ గోడు చెప్పుకోవాలనుకున్న నిర్వాసితులని 2007లో కాట్రా దగ్గర ఆపారు. అక్కడ జనం వైపు నుంచి కూడా తప్పు జరిగింది, రాళ్లు పడ్డాయి, కాబట్టి మొదట్లో పోలీసులు బలం వాడటానికి కారణం ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ మనుషులు అదుపులోకి వచ్చేశాక కూడా కొడుతూనే ఉన్నారు, అది మాత్రం హద్దు దాటడమే అని చెప్పి నష్టపరిహారం ఇప్పించింది. చూశారా, రెండో దెబ్బ. దేశంలో పెద్ద కోర్టు చెప్పిందీ మా నాన్న చెప్పిందీ ఒకటే.

అసలు చట్టంలో కూడా కొట్టమని ఎక్కడా లేదు. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ కేసుల పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది కదా, పాత 129 సెక్షన్ ఇప్పుడు 148. ఐదుగురు అంతకన్నా ఎక్కువమంది చేరి శాంతికి భంగం కలిగేలా ఉంటే మేజిస్ట్రేట్ గానీ స్టేషన్ ఇన్‌చార్జ్ గానీ ఆయన లేనప్పుడు ఎస్ఐకి తగ్గని ఆఫీసర్ గానీ, ముందు వెళ్లిపొమ్మని చెప్పాలి. చెప్పినా కదలకపోతే అప్పుడు బలం వాడి చెదరగొట్టొచ్చు, అవసరమైతే అరెస్ట్ చెయ్యొచ్చు. అంటే బలం దేనికి? చెదరగొట్టడానికి. శిక్షించడానికి కాదు, శిక్ష వెయ్యడానికి కోర్టులున్నాయి. గేటు తోసిన కుర్రాడి మీద కేసు పెట్టండి, కోర్టులో నిలబెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ వాడు గేటు తోశాడని షామియానా చివర కూర్చున్న టీచరమ్మ వీపు మీద కొట్టే అధికారం ఏ సెక్షన్ ఇచ్చింది? పైగా కింద 151 సెక్షన్ ఒకటుంది, ఇలాంటి డ్యూటీలో చేసినదాని మీద ఆఫీసర్‌ని కోర్టుకి లాగాలంటే గవర్నమెంట్ పర్మిషన్ కావాలి. ఆ గవర్నమెంట్ మీదే కదా ధర్నా చేసింది. ఇంక పర్మిషన్ ఎవరిస్తారు సార్.

బషీర్‌బాగ్ సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు గానీ ఇప్పటి పిల్లలకి తెలీదు కాబట్టి రాస్తున్నాను. 2000 ఆగస్టు 28, కరెంటు చార్జీలు పెంచారని చలో అసెంబ్లీ. ప్రపంచ బ్యాంకు చెప్పిన కరెంటు సంస్కరణల రోజులు అవి, వామపక్షాలూ కాంగ్రెస్సూ అందరూ రోడ్డు మీదికొచ్చారు. అసెంబ్లీకి అడుగు దూరంలో బషీర్‌బాగ్ దగ్గర ఆపారు. నీళ్ల ఫిరంగులు, గుర్రాలు, లాఠీలు, బాష్పవాయువు, చివరికి తుపాకులు. ముగ్గురు చచ్చిపోయారు. ఎంతోమందికి గాయాలు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని అడగడానికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నారు. నాలుగేళ్లకి 2004లో వచ్చిన ప్రభుత్వం రైతులకి ఉచిత కరెంటు ఫైలు మీదే మొదటి సంతకం చేసింది. మరి పోయిన ఆ ముగ్గురు అడిగింది అంత అడక్కూడని విషయమా?

అలా అని ఆ ఉచిత కరెంటు ఇచ్చిన ప్రభుత్వం హయాంలో కాల్పులు ఆగాయా అంటే అదీ లేదు. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూమి కోసం బంద్ చేస్తున్నవాళ్ల మీద కాల్చారు, ఏడుగురు పోయారు. గుంపుని చెదరగొట్టడానికి ఏకే-47 కూడా వాడారని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఏకే-47తో చెదరగొట్టడం ఏంటి? ఆ తర్వాత 2010 జూలై 14న సోంపేట, బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ కరెంటు ప్లాంటు వద్దన్నందుకు. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి, అదే శ్రీకాకుళం జిల్లా, అదీ థర్మల్ గొడవే. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో ఆర్మీలో నాలుగేళ్లకే ఉద్యోగం ఇచ్చే అగ్నిపథ్ పథకం వద్దని పిల్లలు రైళ్లు తగలబెట్టారు, అది ఎవరూ సమర్థించకూడదు నేనూ సమర్థించను, రైల్వే పోలీసులు కాల్చారు, ఆర్మీలో చేరాలని కలలు కన్న వరంగల్ వైపు కుర్రాడొకడు ఆ కాల్పుల్లో పోయాడు. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రం రెండయింది. ఒక పార్టీవాళ్లు ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బషీర్‌బాగ్ గురించి మాట్లాడతారు, ఇంకో పార్టీవాళ్లు ముదిగొండ గురించి మాట్లాడతారు, అధికారంలోకి రాగానే ఇద్దరూ మర్చిపోతారు. అందుకే నేను ఈ ఉత్తరం ఏ పార్టీ మీదా రాయట్లేదు.

గాల్లోకి కాల్పులు అనే మాట కూడా ఇలాంటిదే. మా నాన్న ఆ మాట వింటే కోప్పడేవారు. గాల్లోకి కాలిస్తే ఆ గుండు ఎక్కడో ఒకచోట దిగుతుంది కదా, మేడ మీద బట్టలారేస్తున్న మనిషికి తగిలితే ఎవరిది బాధ్యత అని వాళ్లకి ట్రైనింగ్‌లోనే చెప్పేవారంట. కాల్చాల్సి వస్తే ఎవడైతే ప్రమాదమో వాడినే, అదీ నడుము కిందికే, అదీ హెచ్చరించాకే, అదీ ఆఫీసర్ ఆర్డర్ ఇస్తేనే, గుంపు కదలగానే ఆపెయ్యాలి. బాష్పవాయువు షెల్ కూడా అంతే, ఏటవాలుగా పైకి కొట్టాలి గానీ మనిషికి గురిపెట్టి తిన్నగా కొడితే అది గ్యాసు కాదు ఇనప ముద్ద, తలకి తగిలితే ప్రాణమే పోతుంది. గదుల్లోకి, తలుపులు మూసిన చోట్లకి అసలు వెయ్యకూడదు. ఇవన్నీ పోలీసులకి తెలియని విషయాలు కావు.

ఇంకో సంగతి. ఈ మధ్య రాత్రిపూట, తెల్లవారుజామున ఖాళీ చేయించడం ఎక్కువైంది. 2011 జూన్ 4 రాత్రి ఢిల్లీ రాంలీలా మైదానంలో దీక్షా శిబిరంలో నిద్రపోతున్న జనాన్ని బాష్పవాయువుతో లాఠీలతో లేపారు, ఒకావిడ ఆ గాయాలతో కొన్ని నెలలకి చచ్చిపోయింది. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని 2012లో తీర్పిచ్చింది, నిద్రపోతున్న మనుషుల వల్ల అంత అర్ధరాత్రి వచ్చిపడే ప్రమాదం ఏముందని పోలీసుల్ని తప్పుపట్టింది, అదే తీర్పులో శిబిరం పెట్టినవాళ్ల తప్పు కూడా ఉందని నష్టపరిహారంలో నాలుగో వంతు వాళ్లని కట్టమంది. అది నాకు న్యాయంగా అనిపించింది. జనాన్ని పోగేసినవాడికి కూడా బాధ్యత ఉండాలి. కానీ మనవాళ్లు ఆ తీర్పు చదివినట్టు లేరు, 2024 జనవరిలో విజయవాడ ధర్నాచౌక్‌లో నలభై రోజులకి పైగా సమ్మెలో ఉన్న అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ల శిబిరాన్ని తెల్లవారకముందే ఖాళీ చేయించారు. పగలు చెయ్యలేని పని చీకట్లో ఎందుకు చేస్తారు, కెమెరాలు ఉండవనే కదా.

ధర్నాచౌక్ అంటే గుర్తొచ్చింది, హైదరాబాద్ ఇందిరాపార్క్ దగ్గర ధర్నాచౌక్‌నే 2017లో ఎత్తేశారు, మళ్లీ 2018లో హైకోర్టు చెబితే గానీ అక్కడ కూర్చోనివ్వలేదు. జనం కూర్చోడానికి ఒక చోటు ఉంటే అక్కడే కూర్చుంటారు, మైకులో మాట్లాడుకుంటారు, సాయంత్రానికి ఇంటికెళ్తారు. ఆ చోటు తీసేస్తే రోడ్డు మీదికొస్తారు, గేట్లెక్కుతారు. ముందురోజు రాత్రే ఇళ్లకొచ్చి లీడర్లని హౌస్ అరెస్ట్ చేస్తారు, టోల్‌గేట్ల దగ్గర బస్సులు ఆపేస్తారు, దాంతో గుంపుకి సర్ది చెప్పే పెద్దమనిషే ఉండడు, ఉన్నది కోపంగా ఉన్న కుర్రాళ్లే. అదుపు తప్పక ఏమవుతుంది? అదుపు తప్పించింది ఎవరో కూడా మీ వార్తలో రాస్తే బాగుంటుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది ధర్నాల సంగతి కాదు గానీ దీనికి సంబంధం ఉంది, ఇదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి కోటగుమ్మం దగ్గర 27 మంది తొక్కిసలాటలో పోయారు. 2022 డిసెంబర్ 28న కందుకూరులో పొలిటికల్ మీటింగ్‌లో 8 మంది. నాలుగు రోజులకే గుంటూరులో ముగ్గురు. 2024 డిసెంబర్ 4న హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా ప్రీమియర్ దగ్గర ఒక తల్లి పోయింది, ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్లాడు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు. 2025 జూన్ 4న బెంగళూరు క్రికెట్ స్టేడియం బయట 11 మంది. వీళ్లలో చాలామంది ప్రభుత్వం మీద కోపంతో వచ్చినవాళ్లు కాదు, దేవుడి కోసం వచ్చారు, హీరో కోసం వచ్చారు, స్నానానికి వచ్చారు. యాభై మంది టీచర్లు ధర్నా చేస్తే బాష్పవాయువు కొట్టే వజ్ర వాహనం, వాటర్ క్యానన్, తాడు పట్టుకుని జనాన్ని ఆపే రోప్ పార్టీ, ఏఆర్ ప్లటూన్లు వస్తాయి. లక్షమంది వచ్చే చోట గేటు ఎప్పుడు తియ్యాలో చెప్పేవాడు కూడా ఉండడు. తిరుపతిలో జరిగింది అదే కదా, జనాన్ని గంటల తరబడి పార్కులో కూర్చోబెట్టారు, ఒకావిడకి ఒంట్లో బాగోలేదని గేటు తీశారు, టోకెన్లకే తీశారనుకుని అందరూ ఒక్కసారి తోసుకొచ్చారు.

ఈ గుంపుల గురించి చదివినవాళ్లు చెప్పేదేంటంటే, చదరపు మీటరు జాగాలో ఆరేడుగురు నిలబడ్డారంటే ఇక మనిషి తన కాళ్ల మీద తను నడవడు, గుంపు ఎటు ఊగితే అటు పోతాడు, నీళ్లు కదిలినట్టే. అందులో చచ్చిపోయేవాళ్లు చాలామంది కాళ్ల కింద పడి కాదు, నిలబడే ఊపిరాడక, ఛాతీ నొక్కుకుపోయి పోతారు. అలాంటి చోట వెనక నుంచి లాఠీ ఊపితే ఏమవుతుంది? వెనకవాడు ముందువాడి మీద పడతాడు, ముందువాడికి పోడానికి దారి లేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరా లాఠీలు లేచాయి, బెంగళూరులోనూ లేచాయి, ఆ వీడియోలు అందరం చూశాం. అక్కడ చావులకి లాఠీలే కారణమని నేను అనట్లేదు, దానికి విచారణలున్నాయి. కానీ ఇరుకులో లాఠీ ఎత్తకూడదనేది మాత్రం పోలీసు పిల్లాడిగా పెరిగిన నాకే తెలుసు. దారి చూపించు, తర్వాత లాఠీ ఎత్తు. ధర్నా దగ్గరైనా, తిరనాళ్ల దగ్గరైనా, సినిమా హాలు దగ్గరైనా రూలు ఒక్కటే.

పోలీసుల మీద ద్వేషంతో ఇదంతా రాస్తున్నానని మీరు అనుకోకూడదు. ఆ బట్టలు ఉతికిన ఇంట్లో పుట్టినవాడిని నేను. బందోబస్తు అంటే ఏంటో మీ పాఠకులకి తెలీదు. సీఎం గారు పదకొండింటికి వస్తారంటే వీళ్లు తెల్లవారుజామున నాలుగింటికే రోడ్డు మీద నిలబడాలి. నీళ్లు ఉండవు, టాయిలెట్ ఉండదు, ఆడ కానిస్టేబుళ్ల అవస్థ చెప్పుకోలేనిది. పులిహోర ప్యాకెట్ మధ్యాహ్నం మూడింటికి వస్తుంది, వచ్చేసరికి పాచిపోయి ఉంటుంది. మా నాన్న పండగ ఇంట్లో చేసుకున్నది నాకు గుర్తే లేదు. పద్నాలుగు గంటలు ఎండలో నిలబెట్టిన మనిషికి బూతులు తిడుతూ ఒకడు రాయి విసిరితే ఆ లాఠీ మీద అదుపు ఎంతసేపు ఉంటుంది చెప్పండి. మా నాన్నే ఒకసారి ఒప్పుకున్నారు, నుదుటి మీద రాయి తగిలిన రోజు ఆయనా ఎవర్నో రెండో దెబ్బ కొట్టారంట. ఎవరినో తెలీదు, మొహం కూడా చూడలేదంట. కానీ ఆ మనిషి పడిపోయి ఉన్నాడని మాత్రం గుర్తుంది. అది చెప్పినప్పుడు ఆయన కళ్లు చూడలేకపోయాను. నా మోకాలు చూసి ఆ రాత్రి అన్నం ఎందుకు ముట్టలేదో నాకు అప్పుడు అర్థమైంది.

కాబట్టి కానిస్టేబుల్‌ని ఒక్కడిని సస్పెండ్ చేసి చేతులు దులుపుకోవడం నాకు అక్కర్లేదు. ఆర్డర్ ఇచ్చినవాడు కావాలి. ఆ రోజు నా మీద పడిన లాఠీలకి ఆర్డర్ ఎవరిచ్చారో ఇన్నేళ్లయినా నాకు తెలీదు, ఏ కాగితంలోనూ లేదు. హెల్మెట్ పెట్టుకుని, ఛాతీకి కవచం కట్టుకుంటే పేరు బ్యాడ్జి కనపడదు, కవచం మీదే పెద్ద నంబర్ వెయ్యొచ్చు కదా, క్రికెట్ ఆటగాళ్లకి వేసినట్టు. ప్రతి ధర్నాకీ పోలీసుల తరఫున వీడియో తీసేవాడు ఒకడుంటాడు, ఎవరెవరు వచ్చారో చూసి కేసులు పెట్టడానికి ఆ వీడియో పనికొస్తుంది, మరి లాఠీచార్జ్ జరిగిన ఆ పది నిమిషాల వీడియో అడిగితే ఎందుకు దొరకదు? దాన్ని దాచాలి, దెబ్బలు తిన్నవాడు అడిగితే చూపించాలి. ఎన్నింటికి హెచ్చరించారు, ఏ భాషలో హెచ్చరించారు, ఎటు పొమ్మన్నారు, ఎంత టైమిచ్చారు, ఎవరు ఆర్డర్ వేశారు, ఎప్పుడు ఆపమన్నారు, దెబ్బలు తిన్నవాళ్లని హాస్పిటల్‌కి ఎవరు తీసుకెళ్లారు, ఇదంతా ఒక పేజీలో రాసి 24 గంటల్లో బయటపెట్టడానికి చట్టం ఏమీ మార్చక్కర్లేదు, డీజీపీ గారి సర్క్యులర్ ఒకటి చాలు. రెండు రాష్ట్రాల డీజీపీలూ మీ పేపర్ చదువుతారనే నమ్మకంతోనే మీకు రాస్తున్నాను.

మీ దగ్గర అడిగేది ఇంకా చిన్నది. ఈసారి ఎక్కడైనా లాఠీచార్జ్ జరిగితే మీ విలేకరిని స్టేషన్‌తో పాటు గవర్నమెంట్ హాస్పిటల్ క్యాజువాలిటీకి కూడా పంపించండి. ఎంతమంది వచ్చారు, దెబ్బలు ఎక్కడ తగిలాయి, నడుము పైనా కిందా, అది రాయండి. పోలీసు కేసయ్యే దెబ్బల్ని డాక్టర్లు మెడికో లీగల్ రిజిస్టర్‌లో రాసుకుంటారు, తలకి కుట్లు పడ్డవాళ్లు ఐదుగురుంటే అది స్వల్పం కాదని చదివినవాడికే తెలుస్తుంది. పడ్డాక కొట్టారా అని కూడా అడగమనండి, మా నాన్న నన్ను అడిగినట్టు. పోలీసులకి తగిలిన దెబ్బలు కూడా అంతే వివరంగా రాయండి, రాయి ఎవరు విసిరారో తెలిస్తే అదీ రాయండి. స్వల్ప అనే మాట మాత్రం తీసెయ్యండి.

నాన్న పోయాక ఆయన ట్రంకు పెట్టెలో చిన్న చిన్న పాకెట్ నోట్‌బుక్కులు దొరికాయి, ఓ ఇరవై దాకా ఉంటాయి. ప్రతి బందోబస్తుకీ ఒక లైను. తేదీ, ఊరు, ఎక్కిన టైము, దిగిన టైము, చివర్లో లాఠీ ఎత్తారో లేదో. చాలా లైన్ల చివర "ఎత్తలేదు" అనే ఉంది. ఒక్కచోట మాత్రం "ఎత్తాను, రెండు" అని రాసి, కింద గీత గీసుకున్నారు. మీ విలేకరి ఎవరైనా వస్తే చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్కూల్ టీచర్